క్రెడిట్ రిపోర్టుల నా పేరు కడిగిన ముచ్చట

పోయింది! నా పేరు మీద ఉన్న మచ్చ పోయింది. మూడు నెలలు కొట్లాడి పోగొట్టిన. మరి సొంత కారు ఎప్పుడు కొంటున్నవ్ సత్తన్నా అని మాత్రం అడగకుండ్రి. చాయ్ తాగుకుంట వినుండ్రి, నా తెలివి ఎంతటిదో మీకే ఎరుకైతది.

నేను మాదాపూర్ల కంపెనీ పిల్లలను ఆఫీసుకు తీస్కపోయే క్యాబ్ నడుపుత. కారు సేటుది, కష్టం నాది. ఇప్పుడు నెలకు ఎన్ని బందులో మీకు తెల్వనిది కాదు. బంద్ అంటె బండి తియ్యం. బండి తియ్యకుంటె సేటు పైస ఇయ్యడు. తెలంగాణ కోసం నేను ఆ పైసలు పోగొట్టుకుంట, ఫికర్ లేదు. గని కారన్న నాదైతె మిగిలిన రోజులల్లనైన నాలుగు పైసలు ఎక్కువొస్తయి గదా! గట్లనుకొని మణికొండల మా ఇంటి దగ్గర బ్యాంకుకు లోనుకు పోయిన.

అక్కడ లోన్లు చూసే సునీత మేడం కంప్యూటర్ల చూసి నా మొఖం చూసింది. "అంకుల్, మీరు పాత బైకు లోను ఎగ్గొట్టినట్టు రిపోర్టుల ఉంది."

"ఎగ్గొట్టుడా? నేనా?"

బాలానగర్ల నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు కిస్తులు ఆగినయి, అది నిజమే. రాని బాకీ కింద రాసుకున్నరట. గని తర్వాత చిట్టీ ఎత్తి, వడ్డీతో సహా కట్టిన! "బాకీ లేదు" అని ఆ బైకు లోను బ్యాంకోళ్లు ఇచ్చిన లెటర్ నా పెండ్లాం మణెమ్మ పట్టుచీరల నడుమ పెట్టి దాచింది.

"కట్టిన్రు అంకుల్, గని వాళ్లు రిపోర్టుల మార్చలేదు. వాళ్లతోనే మార్పియ్యాలె. అది పోతె మీ లోను నేనే చేసిస్త" అన్నది సునీత మేడం.

ఇగ పట్టిన పట్టు! మాదాపూర్ల ఆ పాత బ్యాంకుకు పోయిన. మేనేజరు సారు కోస్తా వైపాయన, మంచి మర్యాదస్తుడు. "రేపు రండి" అన్నడు. పోయిన. "సోమవారం రండి" అన్నడు. పోయిన. నాలుగుసార్లు తిరిగిన. ఊరూరంత రోడ్ల మీద కూసొని కొట్లాడుతుంటె, నేను నా పేరు కోసం కొట్లాడలేనా? అయిదోసారి లెటర్ చేతుల పట్టుకొని, బ్యాంకు నడుమ నేల మీద బాసింపట్టు వేసుకొని కూసున్న.

అంతే! వాచ్‌మెన్ ఉరికిపోయి షట్టరు సగం దించిండు. మేనేజరు సారు చెమటలు తుడుచుకుంట వచ్చిండు. "అయ్యా, మేం తెలంగాణకి వ్యతిరేకం కాదండీ! ఇప్పుడే మూసేస్తాం!"

"మూస్తె ఎట్ల సార్? తెలంగాణ ఢిల్లీకెల్లి వస్తది. నా పేరు మీ కంప్యూటర్లకెల్లి పోవాలె. జర తెరిచి పెట్టుండ్రి!"

లైన్ల ఉన్నోళ్లంతా నవ్విన్రు. సారు కుర్చీ ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు, నా లెటర్ జిరాక్స్ తీయించిండు, రిపోర్టుల నా బాకీ తీసెయ్యుమని నా ముందట్నే టైపు చేసి పంపిండు. "నెలన్నర, రెండు నెలలు పట్టుద్దండీ, ఓపిక పట్టండి" అన్నడు.

ఓపిక! అదే నా దగ్గర లేదు. మార్చిన్రో లేదో ఎట్ల తెల్వాలె? రిపోర్టు తీస్తె పైసలు అడుగుతరట. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. మాదాపూర్ల ఆఫీసుల ముందట పెద్ద పెద్ద ఛత్రీలు ఏసుకొని "లోన్ కావాలా సార్?" అని పిలుస్తరు చూడుండ్రి, వాళ్లకు ఒక ఫారం నింపి ఇస్త. వారం ఆగి ఫోన్ చేస్తరు. "సారీ సార్, రిజెక్ట్ అయింది" అంటె మచ్చ ఇంక పోలేదన్నట్టు. రూపాయి ఖర్చు లేదు! పైంగ ఒక పెన్ను ఇస్తరు.

వారానికొక ఛత్రీ పట్టుకున్న. ఒక్కోవారం రెండు. పాన్ కార్డు జిరాక్సులు జేబుల పెట్టుకొనే తిరిగిన. మణెమ్మ అడిగింది, "ఏందయ్యా, గిన్ని పెన్నులు? పరీక్ష రాస్తున్నవా?"

"నీకు తెల్వదు, ఊకో" అన్న.

పోయిన వారం మేనేజరు సారు ఫోన్ చేసిండు. "సత్తయ్య గారూ, మీ పేరు క్లియర్ అయిందండీ!" నా సంబురం చూడాలె! కిలో లడ్డూలు పట్టుకొని సునీత మేడం దగ్గరికి ఉరికిన. మేడం ఒక లడ్డు తీసుకొని కంప్యూటర్ల చూసింది. లడ్డు నోటి దాక పోయి ఆగింది.

"పాత బాకీ పోయింది అంకుల్. గని... మూడు నెలల్ల పదకొండు చోట్ల లోను అడిగిన్రు?"

"అవును మేడం. గవి లోను కోసం కాదు."

"మరి?"

"ఇస్తరా ఇయ్యరా చూద్దామని."

మేడం నవ్వు ఆపుకోలేక టేబుల్ పట్టుకున్నది. "అయ్యో అంకుల్! అడిగిన ప్రతిసారి రిపోర్టుల ఎక్కుతది. పదకొండు మంది దగ్గర అప్పుకు తిరిగిండంటె పైసలకు బాగ పరేషాన్ల ఉన్నడనుకుంటరు. మీ స్కోరు కిందికి పడ్డది."

"ఎవల్తోని మార్పియ్యాలె చెప్పుండ్రి మేడం. రేపే పోత!"

"ఎవ్వరితోని కాదు. ఇది బ్యాంకు తప్పు కాదు, తుడిపియ్యనీకి. ఆరు నెలలు ఎక్కడ ఏమీ అడగకుండ ఊకె ఉండుండ్రి. అంతే. అప్పుడు రండి."

ఇంటికొచ్చి మణెమ్మకు చెప్పిన. మొత్తం విని, మిగిలిన లడ్డూల డబ్బా దగ్గరికి గుంజుకొని అన్నది, "ఆరు నెలలు నోరు మూసుకొని ఉండుమన్నదా? ఆ మేడంకు దండం పెట్టాలె. పెండ్లయిన కాంచి నేను అదే చెప్తలేనా!"

ఇయ్యాలటికి తొమ్మిది రోజులు. బ్యాంకుల దిక్కు పోలేదు, ఒట్టు! నోరు మూసుకునుడు అంటరా, చూస్తనే ఉన్నరు గదా... మీ చాయ్‌లు సల్లారినయి, నా ముచ్చట ఒడవలే.