నాలుగో కాలు డబ్‌మంది

మొన్న శనివారం నన్నొక బడికి గార్డియన్ల ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఏకగ్రీవంగా! చప్పట్లు కొట్టి మరీ! ఇంతకీ ఆ బడిలో మా పిల్లలెవరూ చదవడం లేదు. నవ్వకండి. టీ తాగుతూ వినండి. అదంతా ఎలా జరిగిందో నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు.

మా మనవరాలు లిఖిత ఈ బెంగాలీ ఊళ్ళోని మన తెలుగు బడిలో రెండో తరగతి. వాళ్ళ సుజాత టీచరు ప్రతి వారం పిల్లల చేత ఒక పెద్ద కాగితం రాయించి గేటు పక్క బోర్డుకి అంటిస్తుంది. దాని పేరు ‘మా వారం’. ఆ వారం క్లాసులో ఏం నేర్చుకున్నారు, మనవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగింది, అన్నీ ఉంటాయి. ఎవరింట్లో పాప పుట్టింది, ఏ క్వార్టర్ల లైన్లో కుళాయి రావడం లేదు, అన్నీ. టీచరుది ఒకటే రూలు. ప్రతి వార్త కిందా ‘చెప్పినవారు’ అని ఒక పేరుండాలి. పేరు లేకపోతే వార్త ఎక్కదు. నాకీ రూలు భలే నచ్చింది. ఫోన్లలో తిరిగే వార్తలకి అమ్మా బాబూ ఉంటున్నారా ఈ రోజుల్లో?

ఆ వారం సోమవారం ఆకులు, మంగళవారం నీళ్ళు, బుధవారం శబ్దాలు. బుధవారం సాయంత్రం లిఖిత ఇంటికి రాగానే గరిటె పట్టుకుని వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ కొట్టడం మొదలెట్టింది.

“తాతా, ఇది టంగ్! ఇది టిక్! ఇదేటి తాతా, డబ్ అంటన్నాది?”

“నా కుక్కరు జోలికెల్లకే తల్లీ!” అని మా ఆవిడ ఒకటే అరుపు.

నాకేమో ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటారా? ముప్పై ఎనిమిదేళ్ళు నేను చేసిన పనే అది! నిమ్‌పురా రైల్వే యార్డులో గూడ్సు బండి వచ్చి ఆగితే, పొడుగు పిడి సుత్తి పట్టుకుని ఒక్కో చక్రం కొట్టుకుంటూ పోవాలి. మంచి చక్రం టంగ్‌మని పాడుతుంది. పగులున్న చక్రం డబ్‌మంటుంది. ఒకసారి నేను డబ్ అన్నాను, పై ఆఫీసరు కాదన్నాడు. కొత్తగా రంగేశారు, బాగానే ఉంది, పంపించు అన్నాడు. వానలో ఆ చక్రం ముందే కూర్చున్నాను. లేవనంటే లేవనన్నాను. చివరికి రంగు గోకి చూస్తే వేలెడు పగులు! ఆ వాగన్ కట్ చేసి పక్కన పెట్టారు. నాకు శభాష్ అన్నవాడు లేడు. మూణ్ణెల్లు నైట్ డ్యూటీ మాత్రం వేశారు.

ఈ కథంతా పిల్లకి చెప్పాను. పిల్ల గురువారం క్లాసులో చెప్పింది. “మా తాత ఇనుముకి జబ్బు సేస్తే సెవితో కనిపెట్టేస్తాడు” అంది. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు వాళ్ళమ్మాయి హర్షిత లేదూ, అది లేచి, “ఇనుముకి జబ్బేటే! అబద్ధాలకోరు!” అందట. క్లాసంతా నవ్వారట. మా పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. సుజాత టీచరు చీటీ పంపింది: ‘శనివారం పదకొండు గంటలకి రెండో తరగతి గదికి అప్పలస్వామి గారు వచ్చి తమ పని చూపించాలి. ఇరుగుపొరుగు వారికి కూడా ఆహ్వానం.’

“తాతా, నువ్వు రాకపోతే నేను నిజంగానే అబద్ధాలకోరునైపోతాను” అంది లిఖిత, ముక్కు తుడుచుకుంటూ.

నన్నేమైనా అనండి, పడతాను. జీవితమంతా పడ్డాను. నా మనవరాలిని అబద్ధాలకోరు అంటే పడతానా? అటక మీద నుంచి సుత్తి దింపి, పిడికి నూనె రాసి, గుడ్డసంచిలో పెట్టుకున్నాను.

శనివారం తొమ్మిదిన్నరకే సైకిలు బయటికి తీశాను. మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఏటండీ, పదకొండుకి కదా రమ్మన్నారు? ఇప్పుడెల్లి ఏటి సేస్తారు? పొద్దుటి బడివోళ్ళింకా ఖాళీ సెయ్యరు.”

“నీకేం తెలుసే? ఒక్కరోజు డ్యూటీకి లేటెళ్ళానా నేను?”

“అది కాదు, నా మాటినండి. రెండో తరగతి గది కింద మూల...”

అప్పటికే తాల్‌బగీచా మలుపు తిరిగేశాను.

ఆ బడి సంగతి మీకు తెలుసు కదా. ఒకే బిల్డింగు, రెండు బళ్ళు. పొద్దున్న బెంగాలీ బడి, పదకొండు నుంచి మనది. ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం?

పదీ పదికి వెళ్ళేసరికి మేడ మీద హాలు నిండా జనం! నలభై మందికి తక్కువ లేరు. నాకు కళ్ళు చెమర్చాయి. పిల్లలు తగ్గిపోతున్నారు, మూసేస్తారు అంటూ మనం ఏడ్చే బడికి, ఒక ముసలి యార్డు మనిషి సుత్తి చూడ్డానికి ఇంతమందా! అందరూ బెంగాలీ మాట్లాడుతున్నారేమిటా అనిపించింది. ఇరుగుపొరుగుకి ఆహ్వానం అన్నారు కదా, వచ్చుంటారు అనుకున్నాను.

“ఆషున్ దాదా, బోషున్”, రండన్నా, కూర్చోండి అని ఒక సన్నటాయన కుర్చీ చూపించి, ముందు రిజిస్టరు పెట్టాడు. సంతకం చెయ్యమన్నాడు. చేశాను. పైన ఏం రాసుందో చదవలేదు. మస్టర్‌లో సంతకం పెట్టకపోతే ఆ రోజు కూలి పోయే బతుకు బతికిన చెయ్యి ఇది. ఎక్కడ రిజిస్టరు కనిపించినా సంతకం పెట్టేస్తుంది. ఆ పేజీలో నాది తప్ప ఇంకో సంతకం లేదు. అదీ ఆలోచించలేదు. ఫస్ట్ వచ్చాననుకున్నాను, అంతమంది నాకంటే ముందు కూర్చుని ఉండగా!

సుజాత టీచరు కనిపించలేదు. లావు కళ్ళద్దాల దీదీ ఒకావిడ లేచి మాట్లాడటం మొదలెట్టింది. వేరే టీచరు కాబోలు అనుకున్నాను. నా పరిచయం ఎప్పుడొస్తుందా అని మీసం సర్దుకుని కూర్చున్నాను. ఆవిడ నా పేరు ఎత్తదే! మధ్యాహ్నం భోజనమంది, కొత్త బెంచీలంది. ఆఖరికి పెరట్లో నీళ్ళ ట్యాంకు దగ్గరికొచ్చింది. ఒకాయన లేచి, ఆ ట్యాంకు స్టాండు కదులుతోంది, పిల్లలు దాని కిందే చేతులు కడుక్కుంటున్నారు అన్నాడు.

“ఏం భయం లేదు. పూజ సెలవుల్లోనే రంగు వేయించాం” అంది దీదీ.

రంగు! ఆ మాట వినగానే నా చెవుల్లో నలభై ఏళ్ళ కిందటి వాన మొదలైంది. ఆ ట్యాంకు రెండు బళ్ళకీ ఒకటే. మా లిఖిత కూడా దాని కిందే చేతులు కడుగుతుంది!

“రంగ్ సే వజన్ నహీ రుకేగా, దీదీ!” అని లేచాను. రంగు బరువు మొయ్యదు తల్లీ అని. వచ్చిన బెంగాలీ, రాని హిందీ, మధ్యలో మన ‘ఏటీ’ అన్నీ కలిపి దంచేశాను. చిన్నప్పుడు రెండు లైన్ల అవతల్నుంచి నీళ్ళు మోసుకొచ్చిన సంగతి, రంగు కింద పగులు సంగతి, అన్నీ! మాటల వేడిలో సంచిలోంచి సుత్తి కూడా తీశాను. ముందు వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

“భయపడకండి, ఇది వినే సుత్తి. పదండి, అదే చెబుతుంది!” అన్నాను.

ముందు నేను, వెనక నలభై మంది, ఆ వెనక దీదీ. అందరం పెరట్లోకి దిగాం. మొదటి కాలు కొట్టాను. టంగ్! రెండోది టంగ్! మూడోది టంగ్! నాలుగోది కొట్టాను.

డబ్.

ఇంకోటి కొట్టాను. మెరిసే రంగు అట్టులా లేచి, లోపల్నుంచి తుప్పు గుప్పెడు రాలింది. నా వేలు దూరేంత కన్నం! “ముందు ట్యాంకు ఖాళీ చెయ్యండి! పిల్లల్ని ఇటు రానివ్వకండి!” అని అరిచాను. అప్పటికప్పుడు సన్నటాయన పరుగెత్తి కుళాయిలన్నీ తిప్పేశాడు. దీదీ ముఖం పాలిపోయింది. పాపం, మంచిది. “నా తప్పే దాదా, సోమవారం ఆ కాలు మార్పిస్తాను” అని అందరి ముందూ అంది.

ఇక చప్పట్లే చప్పట్లు! సన్నటాయన రిజిస్టరు ఎత్తి పట్టుకుని, “గార్డియన్ల ప్రతినిధిగా నిలబడతామని సంతకం పెట్టింది ఈ దాదా ఒక్కరే. ఏకగ్రీవం!” అన్నాడు.

నిలబడటమేమిటి? నేను సంతకం పెట్టింది కూర్చోడానికి కదా!

“మీ పిల్లలు ఏ క్లాసు దాదా?” అని అడిగింది దీదీ.

“రెండో తరగతి. లిఖిత.”

“లిఖితా? మా దగ్గర ఆ పేరు పిల్ల లేదే!”

“లేకపోవడమేమిటి! సుజాత టీచరు క్లాసు!”

దీదీ నన్ను చూసింది. సంచి చూసింది. సుత్తి చూసింది. “దాదా, అది మీ తెలుగు బడి కదా. ఇది మా మార్నింగ్ స్కూల్ మీటింగు” అంది, పసిపిల్లాడికి చెప్పినట్టు.

గడియారం చూశాను. పదకొండూ ఇరవై!

ఒళ్ళంతా చెమట పట్టేసింది. డ్యూటీకి ఏనాడూ లేటెళ్ళని మనిషిని, గంట ముందొచ్చి ఇరవై నిమిషాలు లేటయ్యాను! పిల్ల అక్కడ ఒంటరిగా నిలబడి ఉంటుంది. హర్షిత నవ్వుతూ ఉంటుంది. సుత్తితోనే వరండా అంతా పరుగు. ఈ గది కాదు, ఆ గది కాదు, ఆఖరికి మూల గది. మా ఆవిడ చెప్పబోయిన మూలే!

“అమ్మా సుజాతా, క్షమించాలి తల్లీ, నేను...”

క్లాసంతా కిటికీల దగ్గరే ఉన్నారు. ఒక్కసారి వెనక్కి తిరిగి చప్పట్లు!

ఆ గది కిటికీలు సరిగ్గా పెరట్లోకే. పదకొండుకి నేను రాకపోయేసరికి పిల్ల ఏడుపు ముఖం పెట్టిందట. అప్పుడే బయట టంగ్‌మని వినిపించిందట. పరుగెత్తి చూసి, “టీచర్, అదిగో మా తాత! అందరూ సెవులు పెట్టండి! మూడు కాళ్ళు మంచియి. నాలుగోది సూడండి... డబ్! జబ్బు!” అని క్లాసుకంతా పాఠం చెప్పేసిందట. నాకంటే బాగా!

“వచ్చారా అప్పలస్వామి గారూ! మీ డ్యూటీ మీ మనవరాలు చేసేసింది” అంది సుజాత టీచరు నవ్వుతూ.

హర్షిత నా దగ్గరికొచ్చి సుత్తిని వేలితో ముట్టుకుని చూసింది. “నిజంగానే డబ్ అన్నాది తాతగారూ” అంది. తర్వాత లిఖిత వైపు తిరిగి, “సారీలే” అంది. నాకంతే చాలు. ఆ ఎన్నిక కొట్టేశారనుకోండి. కొత్త కాలు వేశాక వచ్చి కొట్టి చూసి పొమ్మని మాత్రం దీదీ కబురంపింది.

సోమవారం కాలు పరీక్షకి వెళుతూ, నా వార్త ఎలా రాశారో చూద్దామని మా ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాను. గేటు పక్కన ‘మా వారం’ అంటించి ఉంది. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. ఆకులు, నీళ్ళు, శబ్దాలు. కింద నా సుత్తి బొమ్మ. దాని పక్కన పెద్ద అక్షరాలతో:

‘లిఖిత తాతగారికి ఇనుము చెప్పేది బాగా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు చెప్పేది వినిపించదు. చెప్పినవారు: లిఖిత నాయనమ్మ.’

ఇది అన్యాయం, ఇప్పుడే టీచరుతో తేల్చుకుంటానని అక్కడే కేకలేశాను. పక్కనుంచి మా ఆవిడ ఏదో అంది.

ఏమందంటారా? ఏమో, నేను వినలేదు.