రోలాంద్ చేతి కింది ఇసుక

ద్రమన్‌విల్ ఊరి చుట్టుపక్కల ఈతతొట్టి లేని పెరళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తొట్లలో సగానికి లైనర్, అంటే నీళ్లు నిలిపే లోపలి వినైల్ పొర, తొడిగింది రోలాంద్ గాన్యేనే. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. రేకుగోడ, పంపు భర్త నొర్మాన్ చూసుకుంటాడు; అడుగున పరిచే ఇసుక మాత్రం ఆమెది. చదును చేసిన ఇసుక మీద ఉత్తకాళ్లతో, అడుగులో అడుగు వేస్తూ, అంచు నుంచి నడిమి దాకా చుట్లు తిరిగేది. శనగగింజంత రాయి ఉన్నా అరికాలికి దొరికిపోయేది. రాయి మిగిలిందా, పైన టన్నుల కొద్దీ నీళ్లు, మధ్యలో పలచటి వినైల్. ఆగస్టు రాకముందే చిల్లు. ఆమె తొడిగిన లైనర్‌కు అలా చిల్లు పడిందన్నవాళ్లు లేరు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే. ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్నది.

మొన్నటి చలికాలం నుంచి ఆ పాదాలకు స్పర్శ లేదు. షుగర్ జబ్బు తినేసింది. డాక్టరు చెప్పిన మాట ఆమె నొర్మాన్‌కు చెప్పలేదు. చెబితే పని మాన్పిస్తాడని భయం. పని మాని కిటికీ దగ్గర కూర్చోవడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

జూన్ నెలాఖర్లో వచ్చే సెన్-జాన్ పండుగకు రెండు రోజుల ముందు ఇద్దరూ పియెరెత్ ఇంటికి వెళ్లారు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ పెద్దావిడ, పండుగనాటికి తొట్టి నిండాల్సిందేనని పట్టుబట్టింది. నీళ్ల లారీ మూడింటికి వస్తుంది. కొత్త లైనర్ గడ్డి మీద ఎండకు మెత్తబడుతోంది. లోపల లైనర్ లేని రేకుగోడ గట్టి గాలి వీస్తే కూలిపోతుంది కనుక నొర్మాన్ ఆకాశం వంకే చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఇసుక బాగుంది. లైనర్ పట్రా," అంది రోలాంద్, చుట్లన్నీ నడిచి.

నొర్మాన్ గోడ మీంచి తొంగిచూశాడు. ఇసుక మీద ఆమె అడుగులు వరసగా ఉన్నాయి. సగం దూరం నుంచి ప్రతి కుడి అడుగులోనూ ఎర్రటి మరక.

"ఏమే, కాలికేమైంది?"

"నా కాలికేం? దివ్యంగా ఉంది."

"రక్తం కారుతుంటే దివ్యమేంటే!"

ఆమె పాదం ఎత్తి చూసుకుంది. బొటనవేలి కింద తుప్పు పట్టిన స్క్రూ దిగి ఉంది. ఆమెకు తెలియనే లేదు.

నొర్మాన్ ముఖం పాలిపోయింది. "ఎన్నాళ్ల నించి?"

"క్రిస్మస్ నించి."

"ఆర్నెల్లు! పక్కనే పడుంటాను గదా, ఒక్క ముక్క చెప్పబుద్ధి కాలేదూ?"

"చెప్తే ఇంట్లో కూచోబెడతావ్."

"కూచోబెట్టక నెత్తిన పెట్టుకోనా?"

తిడుతూనే స్క్రూ లాగేసి, గాయం కడిగి, కట్టు కట్టి, ఆమెకు బూట్లు తొడిగాడు. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందేనన్నాడు. అతనికి కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది. రోలాంద్‌కు సిగ్గుతో కళ్లు నిండాయి.

"మీ తగువు తర్వాత పెట్టుకోండి నాయనా," అంది పియెరెత్ మెట్ల మీంచి. "ఇంతకీ నా తొట్టి అవుతుందా, అవదా?"

నొర్మాన్ తన బూట్లు విప్పి తనే ఇసుకలోకి దిగాడు. రెండు చుట్లు తిరిగి నిలబడిపోయాడు.

"అంతా ఇసుకలాగే ఉందే."

"ఇసుకేగా మరి! ఇవతలికి రా," అంది రోలాంద్.

తనే లోపల మోకాళ్ల మీద కూర్చుంది. వెనక్కి పాకుతూ, తన అడుగులను తనే చెరుపుతూ, రెండు అరచేతులతో ఇసుకంతా తడిమింది. పావుగంట పనికి గంటంబావు పట్టింది. మోకాళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంది. ఒక వేరుముక్క, రెండు రాళ్లు, చివర్లో కందిగింజంత గాజు పెంకు దొరికాయి. ఆ పెంకు మంచి రోజుల్లో కూడా అరికాలికి దొరికేది కాదేమో. ఆమె దాన్ని ఎండలో పట్టుకుని చూసి నవ్వేసింది.

లైనర్ గోడకు తగిలించారు. వెనకనున్న గాలిని వాక్యూమ్‌తో లాగేశారు. మడతలు సాపు అయ్యాయి, లారీ వచ్చింది, నీళ్లు పైకెక్కాయి.

ఇక మిగిలింది పంపు గొట్టం కోసం లైనర్‌లో కన్నం కోయడం. నీళ్లు ఆ చోటుకు కాస్త దిగువ దాకా ఎక్కి, ఆ బరువుకు లైనర్ సర్దుకున్నాకే కోయాలి, చెయ్యి జారితే కొత్త లైనర్ పాడవుతుంది. ఇన్నేళ్లూ అది రోలాంద్ పనే. నొర్మాన్ కత్తి తీయడం చూసి, ఇక ఆ పని తన చేతిలోంచి పోయిందనుకుని ఆమె తల తిప్పుకుంది.

"అటు చూస్తావేంటే?" అంటూ అతను పిడిని ఆమె వైపు తిప్పాడు. "కొయ్యి. రేపట్నించి గంట ముందే బయల్దేరాలి. పాకుతూ చేస్తే టైం పడుతుంది గదా."

రోలాంద్ కత్తి అందుకుంది.