పూలు ముడిపించుకున్న సైక్లాప్స్

1936 వేసవిలో నేను కర్నూలు జిల్లాలో హెల్త్ ఇన్‌స్పెక్టరును. నందికొట్కూరు దగ్గర ఒక ఊళ్లో ఇంటింటా నారికురుపు. కాలి పుండులోంచి దారంలాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని రోజుకింత చొప్పున పుల్లకు చుట్టుకుంటూ జనం నెలల తరబడి కుంటేవారు. ఆ కాళ్లతోనే దిగుడుబావిలోకి దిగి కడవలు ముంచుకునేవారు.

ఆ నీళ్లలో సైక్లాప్స్ అనే నలుసంత జీవి ఉంటుంది. పుండులోంచి రాలిన పిల్లపురుగుల్ని అది మింగుతుంది, నీళ్లతోపాటు దాన్ని మనం మింగుతాం. బావిలో దిగొద్దని, నీళ్లు వడగట్టుకోమని రెండేళ్లు గొంతు చించుకున్నాను. ఎవరూ వినలేదు. ఇక బావిలో మందు కలిపి సైక్లాప్స్‌నే చంపుదామంటే దానికీ ససేమిరా అన్నారు. కళ్లారా చూపించి భయపెడదామని మైక్రోస్కోపు మోసుకెళ్లాను.

ఆ ఊరు మాట వినేది మంత్రసాని మస్తానమ్మవ్వ ఒక్కతెదే. ఆమె మడమకూ పుల్ల వేలాడుతోంది. ముందు ఆమెనే చూడమన్నాను. నా ఖర్మ, గాజుపలక మీదికి ఆడ సైక్లాప్స్ వచ్చింది. రెండు పక్కలా గుడ్ల సంచులు, ఒళ్లంతా వోర్టిసెల్లాలు. ఇవి ఏకకణ జీవులు. సన్నటి కాడతో దాన్ని అంటిపెట్టుకుని గంటపూలలా ఊగుతుంటాయి, మనకేమీ హాని చేయవు.

అవ్వ చాలాసేపు కన్ను తీయలేదు.

"ఏమప్పా, ఇది నిండు చూలాలు గదా! పూలు గూడా ముడిపించినారే. దీన్ని సంపమంటాండావా?"

"అవ్వా, అవి పూలు కావు..."

"నువ్వు ఊరికుండప్పా. కాన్పులు జేసేది నువ్వా, నేనా?"

ఆడవాళ్లు వరసకట్టి చూశారు. ఒకామె మైక్రోస్కోపుకు కుంకుమ పెట్టింది. మరొకామె నా మందుడబ్బా తెచ్చి సైకిలుకు తగిలించింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు అవ్వ అందరినీ గద్దించింది. "చూలాలుండే ఇంట్లోకి పుండుకాళ్లతో పోతారా ఎవురైనా? రేపట్నుంచి బావిలో ఎవురూ దిగగూడదు. గిలక కట్టి పైనుంచి తోడండి. నీళ్లు బట్టలో వడగట్టి, అందులో చిక్కిన చూలాలిని మళ్లా బావిలోనే ఇడవండి."

నేను మందుడబ్బా విప్పకుండానే సైకిలెక్కాను.

మరుసటేడు పుల్లలు తగ్గాయి. ఆ పైయేడు ఊళ్లో ఒక్కటీ కనబడలేదు. సంతోషం పట్టలేక అవ్వను అడిగాను, నిజంగా అవి పూలే అనుకున్నావా అని.

"పూలో పురుగులో నాకేం తెలుసప్పా? నువ్వు సంపుదామంటివి, ఎవురూ ఇనలే. నేను కాపాడదామంటి."

'ప్రజలకు వ్యాధి గురించి బోధించితిని' అని పై అధికారికి రిపోర్టు రాశాను. అలా రాసినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ రోజు బావిగట్టు మీద పాఠం నేర్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే.