గట్టు మీద వినిపించిన ఈల

మా డ్రిల్లు సారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున కమలాపురం బస్సు కండక్టరు కడపలో మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు. "మీ సారు లేడప్పా. తెల్లారి మంచం మీద కూచోని బూట్ల తాళ్లు కట్టుకుంటా కట్టుకుంటా అట్లే వొరిగిపాయనంట. నీకు చెప్పమని అమ్మ పంపిచ్చె," అన్నాడు. అమ్మ అంటే సారు భార్య. నేను అదే బస్సు ఎక్కాను.

కర్నూల్లో నేను చదివిన హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, సుద్దముక్కతో తెల్లగా రుద్దిన గుడ్డబూట్లు, మెడలో నల్లతాడుకు ఇత్తడి ఈల. ఆ ఈలను ఆయన ఊదే తీరు వేరు. రెండు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత. అది వినగానే మైదానంలో ఏ మూలనున్న వాడైనా ఆయన వైపు పరుగెత్తవలసిందే. పరుగు పందెం ముందర ఒక్కొక్కరి వీపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. "పరుగు కాళ్లల్ల ఉండదప్పా, ఈడ ఉంటాది," అని వీపు తట్టేవారు. కోసిగి నుంచి వచ్చిన కూలివాళ్ల బిడ్డను నేను. నా వీపుకు అంత శ్రద్ధగా చెవి పెట్టి విన్నవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. ఈత కూడా ఆయనే నేర్పారు, కాలువలో, నా నడుముకు తువ్వాలు కట్టి, దాని కొస తన చేత్తో పట్టుకుని.

ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆయన బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పవద్దన్నారు. చెప్పలేదు.

రాజధాని కర్నూలుకు వచ్చిన రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. నేను అలాంటి ఒక గుడారంలో కాపీ గుమాస్తాగా చేరాను. ఒక సాయంత్రం సారు అక్కడికే వచ్చారు. "మూడు పందేలు కలిపి ఒకటే పందెం చేస్తాండా. సైకిలు, పరుగు, ఈత. మధ్యలో కూచునేది లేదు. ముప్పందెం అని పేరు పెట్టినా. ఎవురూ ఇట్లాంటిది చూసుండరు. వస్తావా?" అన్నారు. అంత ఉత్సాహం ఆయన ముఖంలో ఎన్నడూ చూడలేదు. వస్తానన్నాను.

దోవ ఆయనే వేశారు. తుంగభద్ర ఒడ్డున బయలుదేరి నంద్యాల రోడ్డులో పదో మైలురాయి దాకా సైకిలు. వెనక్కి తిరిగి జగన్నాథ గట్టు అనే గుట్ట దగ్గర సైకిలు వదిలి, బండిదోవన ఏటి ఒడ్డుకు పరుగు. ఆపైన ఏరు ఈది అవతలి ఒడ్డు తాకడం. కార్తీకమాసం, ఏట్లో నీళ్లు ఇంకా నిండుగానే ఉన్నాయి. ఐదుగురం పోటీకి నిలబడ్డాం. మాలో గట్టిపోటీ ఇచ్చేవాడు గట్టు కింది పల్లె నుంచి టౌనుకు పాలు తెచ్చే మనిషి. రోజూ రెండు క్యాన్లు కట్టుకుని సైకిలు తొక్కే కాళ్లు అతనివి.

సైకిళ్లు వదిలేసరికి అతను ముందు, నేను వెనక. మిగతా ముగ్గురు కనుచూపు మేరలో లేరు. అతని తెల్ల బనీను ఒక బండరాయి మలుపులో కనబడకుండా పోయింది. అక్కడి నుంచి నేను ఒంటరిని.

పొద్దు బాగా ఎక్కింది. గట్టు చుట్టూ నల్లటి గుండ్లు, ఎండిన బోదగడ్డి. పక్షి కూత లేదు, మేకల గంటల చప్పుడు లేదు. నా అడుగుల చప్పుడు రాళ్లకు తగిలి తిరిగి వస్తోంది. కొంతసేపటికి అది నా అడుగులకు సరిపోవడం లేదనిపించింది. నేను ఆగితే అది ఒక్క అడుగు ఎక్కువ వేసి ఆగుతోంది. మళ్లీ ఆగి చూశాను. మళ్లీ అంతే. ఆ తర్వాత ఆగడానికి ధైర్యం చాలలేదు.

ఒక చోట దోవ రెండుగా చీలింది. చీలిన ప్రతి చోటా ముగ్గుపిండితో గుర్తు వేస్తానని సారు చెప్పారు. అక్కడ గుర్తు లేదు. ఎడమ దోవ ఎక్కువ నలిగినట్టు కనిపిస్తే అటే పరుగెత్తాను. ఎంతసేపు పరుగెత్తానో తెలియదు. నాలుక పిడచగట్టింది, కళ్ల ముందు తెల్లని పొరలు లేస్తున్నాయి. దోవ సన్నబడి కంపచెట్లలోకి దూరింది. నేనూ దూరాను.

అప్పుడు వినిపించింది ఈల. రెండు పొట్టి, ఒక పొడుగు.

నా వెనక నుంచి. అలవాటుగా కాళ్లు ఆగిపోయాయి. తిరిగి చూద్దామని పక్కకు అడుగు వేశాను. నా కాలి కింది నుంచి ఒక రాయి జారి పోయింది. అది కింద నీళ్లలో పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది. కంప తొలగించి చూశాను. నా ముందు ఇంకొక అడుగు నేల కూడా లేదు. నాపరాళ్లు తీసి ఎప్పుడో వదిలేసిన గుంత. అడుగున పచ్చటి నీళ్లు, నా రాయి పడిన చోట ఇంకా అలలు.

ఈల మళ్లీ మోగింది. దానివైపే నడిచాను, తర్వాత పరుగెత్తాను. ఎంత పరుగెత్తినా అది దగ్గర కాలేదు, దూరమూ కాలేదు. సారు ఏ గుండు వెనకో నిలబడి ఉంటారనుకుని, "సారూ!" అని రెండుసార్లు అరిచాను. జవాబు లేదు. ఈల మాత్రం మోగుతూనే ఉంది, తడిసిన గొంతుతో ఊదినట్టు, గరగరమంటూ. కొంతసేపటికి గుండ్ల సందులోంచి ఏరు మెరుస్తూ కనబడింది. ఆ క్షణాన అది ఆగిపోయింది.

ఒడ్డుకు చేరేసరికి చప్పట్లు లేవు, కేకలు లేవు. జనం వలయంగా నిలబడి ఉన్నారు. మధ్యలో పాలమనిషి బోర్లా పడుకుని నీళ్లు కక్కుతున్నాడు. పక్కన సారు, ఒళ్లంతా తడిసి, అతని వీపు మీద చెవి పెట్టి వింటున్నారు. చాలాసేపు విని, "ఉండాది. బతికినాడు," అన్నారు.

జరిగింది ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పారు. పాలమనిషి ఒగరుస్తూ వచ్చి అట్లాగే ఏట్లోకి దూకాడట. నడిమధ్యలో కాళ్లు కొంకర్లు పోయి మునిగాడు. పుట్టి పడవలో కాపలాగా ఉన్న సారు దూకి పట్టుకున్నారు. మునిగేవాడు చేతికందిన సారు మెడతాడు పట్టుకుని గుంజితే అది తెగిపోయింది.

జనం చెదిరాక నేను సారు దగ్గర కూర్చున్నాను. ఆయన మెడ మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత ఉంది. ఈల లేదు.

"సారూ, గట్టు దగ్గరికి మీరెప్పుడొచ్చినారు?"

"నేను యాడికీ రాలేదప్పా. పొద్దున్నుంచీ ఈడనే ఉండా."

"మరి ఈల ఎవురు ఊదిరి? మీ ఈలనే. రెండు పొట్టి, ఒకటి పొడుగు. నాపరాళ్ల గుంతలో పడబోతాంటే ఇనపడె."

ఆయన నా వైపు తిరిగారు. "ఎడమ దోవన పోయినావా?"

"ఆడ ముగ్గు గుర్తు లేదు సారూ."

ఆయన చెయ్యి మెడ మీది గీతను తడిమింది. తర్వాత మెల్లగా అన్నారు: "ఆ మడిసిని పట్టుకోని నీళ్లల్ల గింజుకుంటాండా. అప్పుడు గ్యాపకమొచ్చె. చీలిక దగ్గర ముగ్గు వెయ్యడం మరిసిపోతినే అని. ఆ పిల్లోడు కోసిగోడు, వానికి దోవ తెలీదు, గుంత దిక్కు పోతాడే అని. ఈల కోసరం మెడ తడుముకుంటి. లేదు. అప్పటికే మునిగిపాయ." మెడ మీంచి చెయ్యి తీసి, "నేను ఊదలేదప్పా. ఊదల్లనుకుంటి, అంతే," అన్నారు.

లేచేటప్పుడు నా భుజం పట్టుకుని, "నేను బతికున్నన్నాళ్లు ఎవురికీ చెప్పగాకు. నన్ను మంత్రగాడంటారు. నా తప్పు మాత్రం యాడైనా చెప్పు," అన్నారు. ఆయన తన తప్పును మర్నాడు తానే స్కూలంతటికీ చెప్పారు. అలసిన మనిషిని నీళ్లలోకి పంపినది తానేనని, గుర్తు మరిచింది కూడా తానేనని.

దానికంటే ముందు, ఆ మర్నాడు తెల్లవారగానే, మా గది తలుపు తట్టారు. "రాప్పా, నీకు ఈత మిగిలిపాయ గదా," అన్నారు. ఇద్దరం ఏట్లో దిగాం. మంచు పట్టి అవతలి ఒడ్డు కనబడటం లేదు. నడిమధ్యకు వచ్చాక సారు ఈత ఆపి, కాళ్లు ఆడిస్తూ నిలబడి, ఒక చెవి నీళ్లకు ఆనించారు.

"ఇప్పుడేమన్నా ఇనపడతాందా నీకు?"

"లేదు సారూ."

"నాకు ఇనపడతాంది," అన్నారు. ఆయన చెవి అట్లాగే ఉంచి కొంతసేపు విని, తర్వాత నా వైపు చూసి నవ్వి, "పోదాం పా," అన్నారు. ఏం విన్నారో నేను అడగలేదు. అడగనందుకు ఇవాళ బాధగా ఉంది.

మరుసటి సంవత్సరం మళ్లీ ముప్పందెం పెట్టారు. ఈసారి ఏరు ముందు, పరుగు చివర. ముందురోజు దోవంతా తానే నడిచి, చీలికలు లేని చోట కూడా ముగ్గు వేశారు. నేను మూడోవాడిగా వచ్చాను. మొదటివాడు పాలమనిషే. నాపరాళ్ల గుంత చుట్టూ సారు మనుషులను పెట్టి రాళ్ల గోడ కట్టించారు. మళ్లీ ఈల మాత్రం కొనలేదు. రెండు చేతులూ తట్టి పిలిచేవారు. రిటైరై కమలాపురం పోయాక కూడా నాకు కార్డు రాసినప్పుడల్లా, ఊపిరి ఎట్లుండాది అని ఒక వాక్యం ఉండేది. ఆరోగ్యం బాగుందా అని ఆయన ఎన్నడూ రాయలేదు.

ఆయన నాకు చదువు చెప్పినవారు కారు. కానీ ఈరోజు నేను బతికి, ఇద్దరు బిడ్డల తండ్రినై, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పుణ్యమే. ఎట్లా అని ఎవరైనా అడిగితే నేను విన్నది చెప్పగలను, అంతకు మించి నాకు తెలియదు.

కమలాపురంలో ఆయనను పాపఘ్ని ఒడ్డుకు తీసుకుపోయాం. ఏరు ఎండిపోయి ఇసుక పరుచుకుని ఉంది. కార్యం అయ్యాక స్నానాలకని ఇసుకలో మోకాలి లోతు చెలమ తోడారు. ఊరిన నీళ్లు దోసిళ్లతో పోసుకుని ఒకరి తర్వాత ఒకరు ఊరివైపు నడిచారు. చివరన మిగిలింది నేను. ఎండ నిలువునా పడుతోంది, గాలి పూర్తిగా స్తంభించింది. ఒడ్డెక్కి, తడిబట్టలు పిండుకున్నాక ఒకసారి వెనక్కి తిరిగాను. ఇసుకలో ఎవరూ లేరు. చెలమలో నీళ్లు మాత్రం కదులుతున్నాయి, అప్పుడే ఎవరో అందులోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు.