తోడల్లుడికి తీసిన టికెట్టు

మా వైపు బస్సులో పక్కవాడికి టికెట్టు తీయడం మర్యాద. ఆ మర్యాదలో ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. తీసినవాడు పెద్దవాడు, తీయించుకున్నవాడు బస్సు దిగేదాకా చిన్నవాడు. మధ్యలో "నేనిక్కడ దిగిపోతానండి" అంటే తీసినవాణ్ణి అవమానించినట్టే. అందుకే అమలాపురం బస్సుల్లో కండక్టరు దగ్గరికొచ్చేసరికి పెద్దమనుషులిద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కుస్తీ పడుతుంటారు.

నా భార్య చెల్లెలి భర్త, అంటే నా తోడల్లుడు, హైదరాబాదులో ఇళ్ల స్థలాలు అమ్ముతాడు. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఎక్కిన ప్రతి బస్సులోనూ నా టికెట్టు తనే తీశాడు. నా చెయ్యి జేబులోంచి బయటికొచ్చేలోగా అతని ఫోను కండక్టరు ముందు ఉండేది. నేను చూడాలనుకున్నది మూసీ ఒడ్డున ఉన్న పాత గ్రంథాలయం. అతను చూపించినవి ఊరి బయట రాళ్లు పాతిన స్థలాలు. తీయించుకున్నవాణ్ణి కదా, దిగమన్నచోటల్లా దిగి, ఆ రాళ్లను చూసి "బాగున్నాయండి" అన్నాను.

అది అక్కడితో పోయుంటే మరిచిపోయేవాణ్ణి. ఆ తరువాత మా వైపు కొత్తపేటలో మా బావమరిది గృహప్రవేశం జరిగింది. పంక్తిలో పనసపొట్టు కూర వడ్డిస్తుండగా తోడల్లుడు గొంతు పెంచాడు.

"అన్నయ్యగారు హైదరాబాదంతా నా టికెట్టు మీదే తిరిగేరండి. జేబులో చెయ్యి పెట్టడం చూసేను గానీ, తియ్యడం మాత్రం చూళ్లేదు."

పంక్తంతా నవ్వింది. మా బావమరిదికి ఆ రోజు నుంచి అదొక ఆటయిపోయింది. నేను ఆటో దిగినా, పంటు మీద గోదావరి దాటొచ్చినా, "బావగారికి టికెట్టు ఎవరు తీసేరండీ?" అనేవాడు. ఆ మాట వినపడగానే నా భార్య ఏదో పనున్నట్టు లేచి లోపలికి వెళ్లిపోయేది. నన్ను అన్నందుకు కాదు, ఆమె అలా లేచి వెళ్లినందుకు తోడల్లుడి మీద పగబట్టాను.

పదో తరగతితో బడి మానేసి అంబాజీపేట కొబ్బరి కొట్లో గుమాస్తాగా చేరినవాణ్ణి నేను. తరువాత చదివిందంతా మా శాఖా గ్రంథాలయంలో చదివిందే. గోల్కొండ నవాబులు ఎవరి తరువాత ఎవరో వరసగా చెప్పగలను. పగ తీర్చుకునే దారి కూడా ఆ బల్లల మీదే వెతికాను. సాయంత్రాలు పేపర్లు తిరగేసి, అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని, నగరంలో ఎన్ని రకాల పాసులున్నాయో చదివాను. గ్రంథపాలకురాలు ఆ పేజీలు చూసి, "హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందేంటండీ?" అని అడిగింది.

"కాదండి, యుద్ధానికెళ్తున్నాను" అన్నాను.

నెల పాసుకి ఫోటో కావాలి, మనం ఉండేదేమో కొద్ది రోజులు. మెట్రో కార్డు నున్నగా, ముచ్చటగా ఉంటుంది గానీ అందులో ఎవరి కార్డు వాళ్లదే. గేటు దగ్గర అందరూ సమానం. నాకా సమానత్వం అక్కర్లేదు. మామూలు టికెట్లయితే ప్రతి బస్సులోనూ కుస్తీయే, అతని ఫోను ముందు నేను నిలవలేను. ఇక మిగిలింది రోజంతా ఎన్ని సిటీ బస్సులైనా ఎక్కగలిగే టికెట్టు. పొద్దున్న మొదటి బస్సులో ఒక్కసారి గెలిస్తే చాలు, ఆ రోజంతా గెలిచినట్టే. పైగా ఏసీ బస్సులో అది చెల్లదట. ఆ వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదువుకున్నాను.

చెల్లెల్ని చూడాలని నా భార్య సంక్రాంతి అయిన దగ్గర్నుంచీ అడుగుతోంది. ఎండలు ముదరనిచ్చి బయలుదేరదీశాను.

తెల్లారి వాళ్లింట్లో కాఫీలు కాగానే తోడల్లుడు కొత్తగా కొన్న కారు తాళాలు ఆడిస్తూ వచ్చాడు. "అన్నయ్యగారూ, కార్లో వెళ్దామండి."

"కారు నాకు పడదండి. కడుపులో తిప్పేస్తుంది."

వంటింట్లోంచి నా భార్య తల బయటపెట్టింది. "మీకా? ఎప్పట్నుంచండీ?"

"ఈమధ్యనే" అన్నాను.

బస్సెక్కాక తోడల్లుడు ఫోను తీసి కండక్టరమ్మ కోసం చూస్తూ నిలబడ్డాడు. ఆమె వచ్చేదాకా నేను ఆగలేదు. జనాన్ని తోసుకుంటూ ఎదురెళ్లి, సరిపడా చిల్లర చేతిలో పెట్టి, రోజంతా తిరిగే టికెట్లు రెండు తీసుకున్నాను. ఒకటి తెచ్చి అతని చొక్కా జేబులో నా చేత్తోనే పెట్టాను.

"ఇదేంటండీ?"

"మీ టికెట్టేనండి. రోజంతటికీ."

"అయ్యో, మీరెందుకండీ! మధ్యాహ్నం నేనొక పార్టీని కలవాలి..."

"టికెట్టు తీసేక ఇంకా పనులేంటండీ?"

అతను పుట్టింది రాజోలు దగ్గరే. ఆ మాట బరువు తెలిసినవాడు. జేబులో కాగితాన్ని వేలితో ఒకసారి తడిమి, "ఆయ్" అన్నాడు.

ఆ రోజు నేను చూపించని చోటు లేదు. గోల్కొండ మెట్లన్నీ ఎక్కించాను. సమాధుల దగ్గర ఒక్కో నవాబు గురించీ నాకు తెలిసిందంతా చెప్పాను, నీడ లేనిచోట నిలబడి మరీ చెప్పాను. అక్కణ్ణించి చార్మినారు, ఆపైన మూసీ ఒడ్డున నా గ్రంథాలయం. అక్కడ పాత పుస్తకాల వాసన పీలుస్తూ నాకు తోచినంతసేపు కూర్చున్నాను. అతను తలుపు దగ్గర బల్ల మీద కూలబడి ఫోన్లో ఎవరికో క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

తిరుగుదారిలో స్టాపు దగ్గర ఏసీ బస్సొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంటే చల్లగాలి మా ముఖాల దాకా వచ్చింది. అతను ఒక కాలు మెట్టు మీద పెట్టేశాడు.

"ఇందులో మన టికెట్టు చెల్లదండి" అన్నాను.

"దీనికి నేను తీస్తానండి, అన్నయ్యగారూ. ఈ ఒక్కదానికీ తియ్యనివ్వండి."

"తీసిన టికెట్టు జేబులో ఉండగానా? బాగోదండి."

అతను నా వంక చూశాడు. కొత్తపేట పంక్తి అతనికి అప్పుడు గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది. కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు మూసుకుంది. ఆ తరువాత మేమెక్కిన బస్సులో ఇద్దరికీ కూర్చోడానికి చోటు దొరకలేదు. అంత సుఖంగా నేనెప్పుడూ నిలబడలేదు.

ఆ ఏడే బావమరిది కూతురికి ఓణీల ఫంక్షను చేశారు. అదే కొత్తపేట ఇల్లు, అదే పంక్తి. నేను పప్పు, కూర రానిచ్చి, పులిహోర దగ్గర గొంతు సవరించుకున్నాను.

"తమ్ముడుగారు ఈసారి హైదరాబాదంతా నా టికెట్టు మీదే తిరిగేరండి. తనుండే ఊళ్లో!"

వడ్డించే గరిటె ఆగింది. అందరూ తోడల్లుడి వైపు తిరిగారు. అతను ఆకులోకి చూస్తూ, "ఆయ్, అన్నయ్యగారే తీసేరు" అన్నాడు. బావమరిది నెయ్యి గిన్నెతో అక్కడే నిలబడి పగలబడి నవ్వాడు. "అయితే ఈ బావగారికి వెళ్లేటప్పుడు టికెట్టు ఎవరు తీస్తారండీ?" అని అతన్నే అడిగాడు. ఎదురు పంక్తిలో కూర్చున్న నా భార్య లేచి వెళ్లలేదు. మారు పులిహోర వేయించుకుంది. నేను కూడా వేయించుకున్నాను.

సాయంత్రం తోడల్లుడు వీధిలో కారు ఆపి వెనక తలుపు తెరిచాడు. "వదినగారూ, ఎక్కండి. అంబాజీపేటలో దింపేస్తాను. అన్నయ్యగారికి ఎలాగూ కారు పడదు కదండీ." నవ్వకుండా అన్నాడు.

నా భార్య నన్నొకసారి చూసి, చీర కుచ్చెళ్లు సర్దుకుని చల్లని కారులో కూర్చుంది. నేను సెంటరు దాకా నడిచి, ఎండలో మా ఊరి మీదుగా పోయే అమలాపురం బస్సు కోసం నిలబడ్డాను. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు కిటకిటలాడుతూ వచ్చింది. కండక్టరు దగ్గరికొచ్చి, "ఎన్నండీ?" అన్నాడు.

"ఒక్కటే" అని నా టికెట్టు నేనే తీసుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆపేవాళ్లెవరూ లేరు.