శంఖు గాజుల ఆది

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మా ఖాజాగూడ గుట్టల దిక్కు పొద్దుగూకినంక పోవద్దని అందరు అనేటోళ్లు. నేను కట్టెలకు పోయి నిమ్మళంగ వచ్చేదాన్ని. "గాలి సోకుతది పిల్లా" అంటే, "సోకనీ, చెమటన్న ఆరుతది" అనేదాన్ని. నోరు జర ఎక్కువే నాకు. ఇప్పుడు చెప్పేది దయ్యం సంగతో కాదో నాకు తెల్వదు. జరిగింది జరిగినట్టు చెప్త.

హైటెక్ సిటీల అప్పటికి ఒక్కటే పెద్ద బిల్డింగ్. చుట్టూ బండలు పేలుస్తున్నరు, రోడ్లు వేస్తున్నరు. మాదాపూర్‌ల ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసుల నేను పని చేసేదాన్ని. ఇంటర్ దాక చదివిన, చేతిరాత మంచిగుంటది. కంపెనీలల్ల చేసేటోళ్లు పెండ్లి చేసుకొని అండమాన్ పోతుంటే, టికెట్లతోటి ఒక కాగితం ఇచ్చేటోళ్లం. పోర్ట్ బ్లెయిర్ బజార్ల ఏది ఎక్కడ కొనాలె, ఏది కొనొద్దు అని. ఆ కాగితం రాసింది నేనే.

నేనైతే సముద్రమే చూడలే. అందుల ఉన్నయన్ని మా ఆయన యాదగిరి మాటలు.

ఆయన తాపీ మేస్త్రి. క్వార్టర్లు కట్టే పని ఉందంటే ఒక కాంట్రాక్టరు వెంబడి అండమాన్ పోయిండు. ఐతారం ఐతారం బజారంత తిరిగి, ఏం కొనకుంట రూముకొచ్చి నాకు ఉత్తరం రాసేటోడు. "ముత్యాలు కొనొద్దు సుగుణా, అవి మన చార్మినార్ కాడి నుంచే వస్తయట. ఇంత దూరమొచ్చి మనవే మనం కొనుక్కునుడేంది?" అని ఒకసారి రాసిండు. గవ్వల దండ కొనేముందు ఎండకు పట్టి చూడాలె, పగులు కనిపిస్తది అన్నడు. కర్ర బొమ్మలు జెట్టీ దిక్కు దుకాణాలల్ల మంచియి దొరుకుతయి అన్నడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడపు రాళ్లు సంచిల పెట్టుకుంటే విమానం కాడ గుంజుకుంటరు అన్నడు. అవే నేను కాగితం మీద వరుసగ రాసిన.

పోయే ముందు నా గాజుల ఆది, అంటే కొలత, తీసుకొని పోయిండు. నా పెండ్లి చీర అంచుల నుంచి ఎర్ర పోగు తీసి, నా పిడికిలి చుట్టూ తిప్పి ముడేసిండు. గోడ నిలువు చూసే గుండు దారానికి మేస్త్రీలు వేసే ముడి అది. గుంజితే ఊడదు. అప్పుడు నాది రెండారు సైజు. ఆదికి ఒక గాజు తీసుకపోరాదు అంటే, పగులుతది అన్నడు.

ఆయన ఆఖరు ఉత్తరం నాకు నోటికొచ్చు. గడియారం స్తంభం వెనుక సందుల ఒక బెంగాలీ ముసలాయన శంఖులు కోసి తెల్లటి గాజులు చేస్తడట. "నీ ఆది చూపిచ్చిన. ఎవరితోటి పంపియ్య, నేనే తొడిగిస్త. అన్నం మంచిగ తిను, చిక్కితే ఆది తప్పుతది."

ఆ ఉత్తరం వచ్చిన పదకొండో నాడు మా గల్లీ ఎస్టీడీ బూతుకు ఫోన్ వచ్చింది. గోడకు కట్టిన కర్రల గోవ మీదికెల్లి పడ్డడట. ఆడనే దహనం చేసిన్రు. ముఖం సుత చూడలే నేను. నెల దాటినంక ఆయన ట్రంకు పెట్టె వచ్చింది. బట్టలు, తాపీ, గడ్డం గీసుకునే డబ్బా ఉన్నయి. అంగీ జేబులన్ని తిరగేసిన, ఆ ఎర్ర దారం మాత్రం దొరకలే.

నేనే తొడిగిస్త అని రాసి పోయిండు గద, నాకు ఏడుపు కంటె కోపమే ఎక్కువుండె. పదో రోజు నా చేతుల గాజులు పగలగొట్టిన్రు. ఇగ అన్నం ముందట కూసుంటే ముద్ద దిగకపోయేది. తినకపోతే ఏమైతది, ఎవరి ఆది తప్పుతది అనుకునేదాన్ని.

ఆరు నెలలకు ఈ కొలువు దొరికింది. అన్ని దుకాణాలు రాసిన గని, శంఖు గాజుల దుకాణం ఏ కాగితంల రాయలే. అది నాది. వేరేటోళ్లు పోయి బేరమాడుడు నాకు ఇష్టం లేకుండె.

ఆయన పోయి ఏడాది దాటినంక స్వప్న అని ఒక పిల్ల వచ్చింది. కాకినాడ దిక్కు. కంపెనీల పనిచేస్తది, కొత్తగ పెండ్లైంది. కాగితమంత చదివి, "ఇవన్నీ బాగానే ఉన్నాయండీ, మీరైతే మీ కోసం ఏం కొనుక్కుంటారు?" అని అడిగింది.

అప్పటిదాక నన్ను ఎవరు ఆ మాట అడగలే. కాగితం తీసుకొని, కింద పెన్నుతోటి ఆ దుకాణం గుర్తులు రాసిచ్చిన. మా ఆయన సంగతి ఒక్క ముక్క చెప్పలే. నా పేరు కూడా అందుల లేదు.

పన్నెండు రోజులకు ఆ పిల్ల మళ్లొచ్చింది. పొద్దుగాల పదకొండు అయితుండొచ్చు. నా టేబుల్ మీద ఒక పొట్లం పెట్టి, ఇంత ముఖం చేసుకొని నవ్వింది.

"మీ వారు అక్కడే ఉన్నారని చెప్పనేలేదేంటండీ?"

రాస్తున్న పెన్ను కింద పెట్టిన. ఆమెనే చెప్పుకుంట పోయింది. ముసలాయన ఆ తెలుగు కాగితం చూసి లోపల నుంచి ఈ పొట్లం తెచ్చిండట. ఒక మేస్త్రి ఎన్నడో కొని ఆడనే పెట్టి పోయిండట, మా సుగుణ కాడికి పోయేటప్పుడు తీసుకుంట అన్నడట. మొన్న శుక్రవారం మళ్లొచ్చి పొట్లం విప్పి చూసి, ఇవి వదులైతయి, ఆమె చిక్కిపోయింది అని చిన్నయి పెట్టిచ్చుకున్నడట. హైదరాబాద్ నుంచి తెలుగు కాగితం పట్టుకొని వస్తరు, వాళ్లకియ్యి అని చెప్పిండట.

స్వప్నకు నేను నిజం చెప్పలే. కొత్త పెండ్లికూతురు, ఎట్ల చెప్త? చాయ్ తాపిచ్చి పంపిన.

మా ఆఫీసు సారుకు తర్వాత చెప్తే, ముసలాయన ఎవరినో చూసి ఎవరనుకున్నడో అన్నడు. ఉండొచ్చు. ఆయన బతికుండంగ కొన్న గాజులే అయి ఉండొచ్చు. ముసలాయనకు ఉత్తరం రాసిన, జవాబు రాలే.

కానీ పొట్లం కట్టింది నా పెండ్లి చీర పోగుతోటి. ఆ మేస్త్రి ముడి అట్లనే ఉన్నది. పిడికిలికి చుట్టుకుంటే రెండు వేళ్లు దూరేంత వదులైంది. గాజులు రెండు నాలుగు సైజు, నా పాత రెండారు కంటె ఒక సైజు చిన్నయి. ఆఫీసు వెనుక నల్లా కాడికి పోయి, సబ్బు పెట్టి తొడుక్కున్న. కణుపుల కాడ ఒక్క నిమిషం ఆగి, సరిగ్గ కూసున్నయి. మొగుడు పోయినదానికి గాజులేందని ఎవరన్న అనుకోనీ అనుకున్న. నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడుల కడుపునిండ ఏడ్చిన.

ఏడాదికెల్లి నా చేతులకు గాజులే లేవు. నా కొలత మారిందని నాకే తెల్వదు. ఆయనకెట్ల తెలిసిందో ఇప్పటికీ నేను చెప్పలేను.

ఆ దినం ఇంటికి పోయి అన్నం పెట్టుకొని తిన్న. మళ్ల మాన్లే. ఇప్పుడు ఆ గాజులు నా చేతికి ఎక్కయి, డబ్బాల ఉన్నయి. దారం మాత్రం మళ్ల నా పిడికిలికి సరిపోతది.