రెండో కట్టు

బట్టల దుకాణంలో గుడ్డ కత్తిరించే చప్పుడు వినపడితే ఇప్పటికీ బయటికి వచ్చేస్తాను.

నెల్లూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే పీడీగా పనిచేసేవాణ్ణి. ఫుట్‌బాల్ జట్టు నా చేతిలో ఉండేది. కృష్ణపట్నం అవతల సముద్రపు ఒడ్డు పాళెం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చిన్నప్పటినుంచి ఒడ్డున నిలబడి, సముద్రంలో పరిచిన అలివి వల తాడు లాగినవాడు. మడమలు ఇసుకలో గుచ్చి వెనక్కి నడిచే ఆ కాళ్లు బంతిని తంతే గోల్‌కీపరు పక్కకు తప్పుకునేవాడు. కానీ పరుగులో ఉన్నట్టుండి ఆగి తిరగడం రాదు. ఇసుకలో ఆ అవసరం లేదు.

బూట్లు తొడిగించి, సున్నం గీత దగ్గర ఆగి మలుపు తిరగడం రోజూ చేయించాను.

"ఈ బూట్లు నేలని పట్టుకోని ఇడవవు సార్" అనేవాడు.

"బూట్లు కాదురా, భయం పట్టుకోని ఉండాది నిన్ను" అనేవాణ్ణి. జట్టంతా నవ్వేది.

మూడు నెలల్లో నేర్చాడు. నా ఆట రోజుల్లో నేనెన్నడూ అంత బాగా తిరగలేదు.

యూనివర్సిటీ జట్టు ఎంపికలకు పది రోజుల ముందు వాడి మోకాలు మెలిపడింది. తల్లి పుత్తూరు తీసుకుపోయి పసరు కట్టు కట్టించింది. వారానికొకటి, మొత్తం మూడు కట్లు. ఎంపికల పొద్దున రెండో కట్టుతోనే వచ్చాడు. తల్లి కూడా వచ్చింది.

"ఇంకోటి పడాల సార్. అందాకా కాలు గట్టిగా మోపగూడదన్నారు."

"ఆకు పసరుకీ గుడ్డు సొనకీ నరం అతుకుతాదా అమ్మా? వాపు తగ్గినాది కదా" అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు నా వైపు చూశాడు. "మీరు ఆడమంటే ఆడతా సార్."

పసరును నమ్మకపోతే వాణ్ణి డాక్టరు దగ్గరికైనా తీసుకుపోవాల్సింది. అదీ చేయలేదు. మా కాలేజీ నుంచి అప్పటిదాకా ఒక్కరూ ఎంపిక కాలేదు. మొదటివాణ్ణి తయారు చేసింది నేనని అనిపించుకోవాలి, అంతే. కత్తెర తెచ్చి కట్టు నేనే కోశాను. పసరు మరక గోళ్లలో రెండు రోజులు పోలేదు.

మొదటి సగంలోనే, నేను నేర్పిన మలుపు దగ్గరే, బూటు నేలలో ఆగిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాల్లో నరం తెగిన చప్పుడు గీత బయటున్న నాకు వినపడింది. మోసుకొస్తుంటే వాడు అడిగాడు, "బాగా తిరిగినా కదా సార్?"

నేను ఆటో కోసం గేటు వైపు పరిగెత్తాను.

ఆపరేషన్ అయింది. నడుస్తాడు, కానీ మడమ గుచ్చి తాడు లాగలేడు. పోయిన నెల, ఇన్నేళ్లకు, పాళెం వెళ్లాను. మగవాళ్లంతా వల లాగుతున్నారు. వాడు ముసలివాళ్ల మధ్య కూర్చుని, ఒడ్డుకు చేరిన తాడును చుట్టగా చుడుతున్నాడు.

తల్లి కుర్చీ వేయించింది. ఆ కట్టు కోయడం నా తప్పేనని ఆమెతో చెప్పాను.

"మీ చెయ్యి నేను పట్టుకోవాల్సింది సార్" అంది. "చదువుకున్నోళ్లు గదాని ఊరకుండిపోయినా."

ఆ తప్పులో ఆమె కూడా భాగం తీసుకుంటుందని నేను అనుకోలేదు. అక్కడ కూర్చోలేక వాడి దగ్గరికి వెళ్లాను.

"బాగా తిరిగినావురా" అన్నాను, ఆ రోజు అడిగినదానికి జవాబుగా.

వాడు తాడు చుట్టడం ఆపలేదు.

"ఎప్పుడు సార్?" అన్నాడు.